ఆఫర్ లెటర్‌లో కనిపించని పదహారు రోజులు

క్యాంపస్ ప్లేస్‌మెంట్ల సీజన్ మొదలైందంటే నా ఫోన్‌కి జూనియర్ల నుంచి ఆఫర్ లెటర్ల ఫొటోలు వస్తుంటాయి. ‘అన్నా, ఇది మంచి ఆఫరేనా? చేతికి ఎంతొస్తుంది?’ అని అడుగుతారు. బేసిక్ ఎంత, పీఎఫ్ ఎంత కోస్తారు, వేరియబుల్ పే నిజంగా ఇస్తారా, బాండ్ ఉందా, పోస్టింగ్ బెంగళూరా హైదరాబాదా... అన్నీ అడుగుతారు. అదే లెటర్‌లో మూడో పేజీలోనో నాలుగో పేజీలోనో చిన్న అక్షరాల్లో ఒక లైన్ ఉంటుంది. ‘కంపెనీ నిబంధనల ప్రకారం గ్రూప్ మెడికల్ ఇన్సూరెన్స్’ అని. ఇన్నేళ్లలో ఆ లైన్ గురించి అడిగినవాళ్లు నాకు ఇద్దరే తగిలారు. ఆ ఇద్దరి ఇళ్లలోనూ అప్పటికే ఎవరో ఒకరికి పెద్ద జబ్బు.

2019లో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు నేనూ అడగలేదు. కొత్త ఫోన్ కొనాలంటే పద్నాలుగు రివ్యూలు చదివే రకం నేను. నా బ్లాగు నిండా అలాంటి రాతలే. అలాంటివాణ్ని, మా ఇంట్లో నలుగురి ఆరోగ్యం ఆధారపడిన లైన్‌ని స్క్రోల్ చేసేశాను. 3 లక్షల కవర్, తల్లిదండ్రులు కూడా ఉన్నారు అన్నారు. సరే అనుకున్నా. ఆ ఈ-కార్డు డౌన్‌లోడ్ చేశానో లేదో కూడా గుర్తులేదు.

మూడేళ్ల తర్వాత మంచి హైక్‌తో ఇంకో కంపెనీలో ఆఫర్ వచ్చింది. పాత కంపెనీలో చివరి రోజు 2022 జూన్ 10, శుక్రవారం. కొత్త కంపెనీలో చేరాల్సింది జూన్ 27, సోమవారం. మధ్యలో పదహారు రోజులు. గోకర్ణ వెళ్దామని ఫ్రెండ్స్‌తో ప్లాన్ కూడా వేసుకున్నాం.

జూన్ 19 ఆదివారం పొద్దున ఖమ్మం నుంచి అమ్మ ఫోన్ చేసింది. నాన్నకి ఛాతీలో నొప్పి, చెమటలు. అక్కడ ఈసీజీ తీసి వెంటనే హైదరాబాద్ తీసుకెళ్లమన్నారట. మంగళవారం యాంజియోగ్రామ్ చేశారు. మూడు రక్తనాళాల్లో బ్లాకులు, పైగా పన్నెండేళ్ల షుగర్. స్టెంట్లతో పని జరగదు, బైపాస్ చేయాలి, ఆలస్యం చేయొద్దు అన్నారు డాక్టర్ గారు.

ఇన్సూరెన్స్ కౌంటర్ దగ్గర ఫోన్‌లో పాత కార్డు వెతికి చూపించాను. అక్కడి అబ్బాయి నంబర్ కొట్టి చూసి, ‘సార్, ఇది 10వ తారీఖుతో క్లోజ్ అయింది’ అన్నాడు. కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కి ఫోన్ చేశా. పాపం, ఆవిడ నిజాయతీగానే చెప్పారు. ‘మీకు జాయినింగ్ రోజు నుంచి కవర్ ఉంటుంది. పేరెంట్స్ పేర్లు మాత్రం జులై 1 లిస్టులో వెళ్తాయి.’ అప్పటికి ఇంకా పది రోజులుంది.

ఆ సాయంత్రం ఆసుపత్రి బయట టీ కొట్టు దగ్గర నేను వేసిన లెక్కను ఇప్పటికీ ఎవరితో చెప్పాలన్నా సిగ్గుగానే ఉంటుంది. మందులతో పది రోజులు నెట్టుకురాగలమా అని డాక్టర్‌ని అడుగుదామనుకున్నా. అమ్మతో ఆ మాట అన్నాను కూడా. ‘ఇన్సూరెన్స్ వచ్చేదాకా గుండె ఆగుద్దారా?’ అంది. అంతే. గురువారం ఆపరేషన్ అయింది. మొత్తం బిల్లు 4,38,000. నా దగ్గర దాచుకున్నది 1,10,000. అమ్మ గాజులు, గొలుసు పెడితే 2 లక్షల గోల్డ్ లోన్ వచ్చింది. మిగిలిన 1,28,000 బాబాయి తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నాన్న బాగానే కోలుకున్నారు. ఆ అప్పు తీరడానికి మాత్రం నాకు ఇరవై రెండు నెలలు పట్టింది. నేను ఉద్యోగం మారింది హైక్ కోసం. దాదాపు రెండేళ్లు ఆ హైక్ అంతా అటే పోయింది.

ఆరోగ్యశ్రీ లేదా అని మీరు అడగొచ్చు. మా రేషన్ కార్డు అంతకుముందే రద్దయింది. ఇంట్లో సాఫ్ట్‌వేర్ జీతం వస్తోంది కదా, న్యాయమే.

ఇందులో తప్పు ఎవరిది అంటే నాదే. పాత కంపెనీ వాళ్లు ఎగ్జిట్ ప్రాసెస్‌లో నా పర్సనల్ ఐడీకి ఒక మెయిల్ పంపారు. గ్రూప్ పాలసీ నుంచి వ్యక్తిగత పాలసీకి మారాలనుకుంటే ఫలానా వాళ్లను సంప్రదించండి అని. అది ప్రమోషన్స్ ట్యాబ్‌లో పడింది. తెరిచి చూసింది ఆగస్టులో.

ఉద్యోగంతో ముడిపడ్డ ధైర్యం

ఈ కథంతా చెప్పడానికి కారణం మిమ్మల్ని భయపెట్టడం కాదు. కెరీర్ పేజీలో ఇన్సూరెన్స్ గోల ఏంటి అనుకునేవాళ్లకి ఒక విషయం చెప్పాలి. పెద్ద జబ్బుకి మన దగ్గర ఉన్న ధైర్యం ఉద్యోగంతో ముడిపడి ఉన్నప్పుడు, మనం ఏ ఉద్యోగం చేయగలం, ఏది వదులుకోగలం అన్నది కూడా ఆ ఇన్సూరెన్సే నిర్ణయిస్తుంది. బైపాస్ తర్వాత నాన్నకి విడిగా పాలసీ తీసుకుందామని తిరిగాను. రెండు సంస్థలు కుదరదన్నాయి. మూడోది ఇస్తానంది. కానీ ప్రీమియం చూస్తే మా ఇంటి అద్దెకన్నా ఎక్కువ, గుండె సంబంధిత చికిత్సలకు ఏళ్ల తరబడి ఆగాలి, ఆ తర్వాత కూడా బిల్లులో కొంత మేమే కట్టుకోవాలి. దాంతో ఇవాళ్టికీ నాన్నకి ఉన్న ప్రధాన కవర్ నా కంపెనీ ఇచ్చేదే. 2023లో ఒక చిన్న స్టార్టప్ నుంచి ఆఫర్ వచ్చింది. నాకు ఇష్టమైన పని, షేర్లు కూడా ఇస్తామన్నారు. పేరెంట్స్‌కి కవర్ లేదన్నారు. వదులుకున్నాను. అలా ఎందుకు వదిలేశావురా అని ఫ్రెండ్స్ అడిగితే, టెక్ స్టాక్ నచ్చలేదని చెప్పా.

జబ్బు మనకే వస్తే లెక్క ఇంకా ఘోరంగా ఉంటుంది. క్యాన్సరో, కిడ్నీ ఫెయిల్యూరో అనుకోండి. మొదట సెలవులు అయిపోతాయి. తర్వాత లాస్ ఆఫ్ పే. ఆ తర్వాత రాజీనామా, లేదా వాళ్లే మర్యాదగా పంపించేయడం. చికిత్స నడుమ మధ్యలో ఉంటుంది, కవర్ ఆఖరి పని దినంతో ఆగిపోతుంది. లే-ఆఫ్‌లోనూ అంతే. బాగా అవసరమైన రోజునే చెయ్యి వదిలేసేలా ఉంది ఈ ఏర్పాటు. ఉద్యోగం మానేసిన వెంటనే కవర్ ఆపేయకుండా కనీసం ముప్ఫై రోజులు, లే-ఆఫ్ అయితే మూడు నెలలు కొనసాగిస్తే పెద్ద కంపెనీలకు అదేమంత భారం కాదని నా అభిప్రాయం. జాయినింగ్ కిట్‌లో టీషర్టు, వాటర్ బాటిల్ పెట్టేవాళ్లు ఆ ఒక్క క్లాజ్ కూడా పెట్టొచ్చు.

అలాగని గ్రూప్ ఇన్సూరెన్స్‌ని తీసిపారేయొద్దు. చాలా గ్రూప్ పాలసీల్లో వెయిటింగ్ పీరియడ్ ఉండదు, అప్పటికే ఉన్న షుగర్, బీపీ, గుండె జబ్బు కూడా మొదటి రోజు నుంచే కవర్ అవుతాయి, మెడికల్ టెస్టులు అడగరు. బయట కొనుక్కునే ఏ పాలసీలోనూ ఇంత సులువుగా దొరకదు. అరవై దాటిన అమ్మానాన్నలకు ఇది నిజంగా పెద్ద వరం. అందుకే ‘పేరెంట్స్ ఆప్షనల్, ప్రీమియం మీ జీతంలోంచి’ అన్నప్పుడు ఫ్రెషర్స్ నెలకి వెయ్యో రెండు వేలో మిగులుతాయని వద్దని టిక్ పెట్టడం చూస్తే నాకు బాధేస్తుంది. ఆ ఎంపికకు సాధారణంగా చేరిన కొద్ది రోజులే గడువు ఉంటుంది. దాటితే మళ్లీ పాలసీ రెన్యువల్ దాకా ఆగాలి.

5 లక్షలంటే 5 లక్షలేనా

‘5 లక్షల కవర్’ అంటే ఒక్కొక్కరికీ 5 లక్షలు కాదు, చాలాచోట్ల కుటుంబం మొత్తానికి కలిపి 5 లక్షలు. నాన్న బైపాస్‌కి 4 లక్షలు అయిపోతే ఆ ఏడాది మిగతా అందరికీ మిగిలేది లక్షే. తల్లిదండ్రుల క్లెయిమ్‌లో 10 శాతమో 20 శాతమో మనమే కట్టాలనే కో-పే నిబంధన కూడా మామూలే. కొన్ని చికిత్సలకు విడిగా పరిమితులు ఉంటాయి. క్యాన్సర్‌కి వాడే ఇమ్యునోథెరపీ, నోటి మాత్రల కీమో, రోబోటిక్ సర్జరీ లాంటి ఆధునిక చికిత్సలను పూర్తిగా మినహాయించడానికి వీల్లేదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. కానీ వాటికి పరిమితి పెట్టుకోవచ్చు. కాబట్టి ‘కవర్ అవుతుందా’ అని అడిగితే సరిపోదు, ‘ఎంతవరకు’ అని అడగాలి.

అన్నిటికన్నా ఎక్కువమందిని ముంచేది గది అద్దె. దీన్ని కొంచెం నిదానంగా చదవండి. ఇంజినీరింగ్ చదివినవాళ్లకి ఇది పెద్ద లెక్కేం కాదు, కానీ ఆసుపత్రి అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఎవరికీ బుర్ర పనిచేయదు. మీ బీమా 3 లక్షలు, గది అద్దె పరిమితి రోజుకి అందులో 1 శాతం అనుకుందాం. అంటే 3,000. అమ్మకి కాస్త సౌకర్యంగా ఉంటుందని రోజుకి 6,000 గది తీసుకున్నారు. ఐదు రోజులకి 30,000. డాక్టర్ల ఫీజులు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 1,60,000. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు లక్ష. మొత్తం 2,90,000. బీమా 3 లక్షలుంది కాబట్టి అంతా వచ్చేస్తుందనుకుంటాం. రాదు. గదికి 15,000 ఇస్తారు. మీరు అర్హత ఉన్న గదికి రెట్టింపు గది తీసుకున్నారు కాబట్టి డాక్టర్ల ఫీజులు వగైరా కూడా సగానికి కోసి 80,000 ఇస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదని నిబంధన ఉంది కాబట్టి అక్కడ లక్ష వస్తుంది. చేతికొచ్చేది 1,95,000. మనం కట్టేది 95,000. గదిలో పెరిగిన ఖర్చు చూస్తే ఐదు రోజులకీ కలిపి 15,000 మాత్రమే. ‘మా పాలసీలో రూమ్ రెంట్ లిమిట్ ఎంత, దాని లోపు గది ఇవ్వండి’ అని ఒక్క మాట అడిగితే 95 వేలు మిగిలేవి.

క్యాష్‌లెస్ విషయంలో మాత్రం పరిస్థితి కాస్త మెరుగైంది. ఆసుపత్రి అడిగిన గంటలోపు బీమా సంస్థ అనుమతి విషయం తేల్చాలని, డిశ్చార్జ్ రోజు మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలని 2024లో ఐఆర్‌డీఏఐ నిబంధన తెచ్చింది. దీన్ని గుర్తుపెట్టుకుని కౌంటర్‌లో మర్యాదగా చెప్పండి, పని జరుగుతుంది. క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు బీమా సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు తీసుకుంటారు.

మొదటి జీతం 18 వేలైతే

ఈ పేజీ చదివే అందరికీ ఐటీ ఆఫర్లు రావని నాకు తెలుసు. డిప్లొమా చేసి ప్లాంట్‌లో చేరేవాళ్లు, బీకాం చేసి బ్యాక్ ఆఫీసులో చేరేవాళ్లు, బీటెక్ చేసి కూడా 15 వేలకు కోర్ కంపెనీలో ట్రైనీగా చేరేవాళ్లు చాలామంది. నెల జీతం 21,000 లోపు ఉండి, సంస్థలో పది మందో అంతకన్నా ఎక్కువో పనిచేస్తుంటే సాధారణంగా ఈఎస్‌ఐ వర్తిస్తుంది. మన వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. 18,000 జీతానికి మన దగ్గర కోసేది నెలకి 135 రూపాయలు. క్యాంటీన్‌లో రెండు పూటల భోజనం ఖర్చు.

ఈఎస్‌ఐ అంటే మనవాళ్లకి చిన్నచూపు. ‘ఆ లైన్లలో ఎవడు నిలబడతాడ్రా’ అంటారు. లైన్లు నిజమే. కానీ పెద్ద జబ్బు విషయంలో అది ఇచ్చేది ఏ కార్పొరేట్ కార్డూ ఇవ్వదు. మనపై ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం ఉంటుంది, చికిత్సకి ఇన్ని లక్షలే అనే మొత్తం పరిమితి ఉండదు. ఇంకోటి చాలామందికి తెలియదు. క్యాన్సర్‌తో సహా 34 తీవ్రమైన, దీర్ఘకాలిక జబ్బులకు, రెండేళ్ల నిరంతర ఉద్యోగం, చందా షరతులు పూర్తయిన ఉద్యోగికి జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా డబ్బు ఇచ్చే వీలు ఉంది. జబ్బు చేసినవాడికి ఆసుపత్రి బిల్లుతోపాటు ఇంటి అద్దె కూడా ఉంటుందన్న సంగతి గుర్తించిన ఏర్పాటు అది. జీతం 21,000 దాటగానే అప్పటికప్పుడు ఈఎస్‌ఐ పోదు కూడా. ఆ చందా కాలం, అంటే సెప్టెంబర్ చివరి వరకో మార్చి చివరి వరకో కొనసాగుతుంది. పెంచిన జీతం సంబరంలో ఆ తేదీ మర్చిపోకండి. ఆ తేదీలోపు వేరే కవర్ సిద్ధం కావాలి.

థర్డ్ పార్టీ పేరోల్ మీద చేరేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ఐడీ కార్డు మీద పెద్ద కంపెనీ పేరుంటుంది, ఇన్సూరెన్స్ మాత్రం మీకు జీతం ఇచ్చే కాంట్రాక్టర్‌ది. అక్కడ పక్క సీటులో వాడికున్న కవర్ మనకు ఉంటుందన్న గ్యారంటీ లేదు.

ప్రభుత్వ పథకాల సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే మీ ఇళ్లలో చాలామందికి నాకన్నా బాగా తెలుసు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో అదే పేరుతో నడుస్తోంది, 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. అర్హత కుటుంబ ఆదాయం మీద ఆధారపడుతుంది, మీ జీతం కూడా ఆ ఆదాయంలో భాగమే. అంటే మీకు ఉద్యోగం వచ్చిన రోజే మీ ఇంటికి ఉన్న పాత గొడుగు మీద ప్రభావం పడొచ్చు. కొత్త గొడుగు తెచ్చే బాధ్యత మీ మీద పడుతుందని అర్థం. ఇంట్లో తాతయ్యకో నానమ్మకో 70 దాటితే, 2024 అక్టోబర్ చివరి నుంచి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల దాకా కవర్ ఇస్తున్నారు. ఆధార్ ఉంటే కార్డు తీసుకోవచ్చు. ఈ ఆదివారమే ఆ పని చేయండి.

ఇరవై రెండేళ్లకు పాలసీ ఎందుకురా

ఇది నన్ను మా నాన్నే అడిగారు. నా పేరు మీద విడిగా 10 లక్షల పాలసీ తీసుకున్నప్పుడు. ఏడాదికి దాదాపు 9 వేలు, నెలకి 750 లెక్క. కంపెనీ ఇస్తోందిగా, దండగ కదా అన్నారు. నేను చెప్పిన జవాబు ఇది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీసుకుంటేనే పాలసీ ఇస్తారు నాన్నా, మీకు ఎలా అయిందో చూశాం కదా అని. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆ మాట అలా అనకుండా ఉండాల్సింది.

బయట పాలసీ కొంటే మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప మామూలుగా ఏ జబ్బుకీ కవర్ ఉండదు. అప్పటికే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు ఆగాలి. 2024 ముందు ఇది 48 నెలలు ఉండేది. ఐదేళ్లు ఆగకుండా కట్టుకుంటూ వస్తే, మోసం రుజువైతే తప్ప ‘అప్పట్లో ఫలానా విషయం చెప్పలేదు’ అనే కారణంతో క్లెయిమ్ ఆపడానికి వీల్లేదు. గమనించండి, ఈ గడియారాలన్నీ పాలసీ కొన్న రోజు నుంచే తిరగడం మొదలెడతాయి. 22 ఏళ్లకు కొంటే 27 వచ్చేసరికి అన్నీ పూర్తవుతాయి. ఆ తర్వాత స్టార్టప్‌లో చేరండి, ఎంఎస్‌కి వెళ్లి తిరిగి రండి, ఏడాది ఖాళీగా కూర్చుని గ్రూప్స్‌కి చదవండి. కట్టాల్సిన ప్రీమియం టైమ్‌కి కడుతుంటే చాలు. వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు కూడా. ట్యాక్స్ మిగులుతుందని మాత్రం కొనకండి. 80డీ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే.

ఒక్క విషయంలో ఏజెంట్ మాట వినొద్దు. ‘థైరాయిడే కదా, రాయకపోతే ఏం కాదు’ అంటారు. పీసీఓడీ, ఆస్తమా, ఇంటర్‌లో చేయించుకున్న ఆపరేషన్, అప్పుడెప్పుడో వేసుకున్న డిప్రెషన్ మందులు... అన్నీ రాయండి. ప్రీమియం కాస్త పెరిగినా పర్లేదు. క్లెయిమ్ వచ్చినప్పుడు ఆసుపత్రి కేస్ షీట్‌లో ‘ఐదేళ్లుగా థైరాయిడ్’ అని మనమే చెప్పి రాయించుకుంటాం, అది చూసి వాళ్లు ఫైల్ మూసేస్తారు. అమ్మాయిలు పెళ్లి సంబంధాల భయంతో ఇలాంటివి దాచడం నేను విన్నాను. ప్రపోజల్ ఫామ్ పెళ్లిచూపులు కాదమ్మా.

క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీలు అని వేరే ఉంటాయి. బిల్లుతో సంబంధం లేకుండా, లిస్టులో ఉన్న జబ్బు నిర్ధారణ అయితే ఒకేసారి మొత్తం డబ్బు ఇచ్చేస్తారు. జీతం ఆగిపోయే నెలలకు ఇది బాగా పనికొస్తుంది. కానీ పేరు చూసి మోసపోవద్దు. తొలి దశలోనే దొరికిన కొన్ని క్యాన్సర్లు, యాంజియోప్లాస్టీ లాంటివి చాలా పాలసీల నిర్వచనంలో ఇమడవు. జబ్బు తేలిన తర్వాత ఇన్ని రోజులు బతికి ఉండాలనే షరతు కూడా ఉంటుంది. మొదటి జీతంతో కొనాల్సింది మామూలు ఆరోగ్య బీమా. ఇది ఆ తర్వాత, చదువుకున్న అప్పు తీరాక చూసుకోవచ్చు.

ఇంతా చేసి ఇవన్నీ ఎందుకు, అవసరమైతే అందరం తలా కొంచెం వేసుకుంటాం అనేవాళ్లూ ఉన్నారు. మన ప్రతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోనూ ఏడాదికి ఒకటో రెండో క్యూఆర్ కోడ్‌లు వస్తాయి. ఐసీయూ మంచం ఫొటో, కింద బిల్లు అంచనా. మొదటి రోజు అందరూ వేస్తారు. మూడో రోజుకి ఎవరో పుట్టినరోజు శుభాకాంక్షలు పెడతారు, ఆ మెసేజ్ పైకి వెళ్లిపోతుంది. నేనూ 500 వేసి పక్కకెళ్లినవాణ్నే, ఎవరినీ అనడానికి లేదు.

అడిగితే ఏమనుకుంటారో

జూనియర్లలో అసలు భయం ఇదని నాకు అర్థమైంది. చేరకముందే జబ్బుల గురించి అడిగితే హెచ్‌ఆర్ వేరేలా అనుకుంటారేమో, ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమో అని. ఇంటర్వ్యూ మధ్యలో అడగక్కర్లేదు. ఆఫర్ చేతికొచ్చాక, సంతకం పెట్టేముందు, మెయిల్‌లో అడగండి. మీ ఇంట్లో ఎవరికి ఏం జబ్బుందో చెప్పాల్సిన పనే లేదు. ‘గ్రూప్ మెడికల్ పాలసీ వివరాల షీట్ పంపగలరా’ అంటే చాలు. వచ్చాక చూసుకోవాల్సినవి: కవర్ ఏ తేదీ నుంచి, తల్లిదండ్రులకు ఏ తేదీ నుంచి, మొత్తం అందరికీ కలిపా విడివిడిగానా, గది అద్దె పరిమితి, కో-పే, ప్రీమియాన్ని సీటీసీలో కలిపి చూపించారా. ఇది జీతం బేరం లాంటి ప్రశ్న కాదు, ఎవరూ తప్పు పట్టరు. తప్పు పట్టారంటే ఆ కంపెనీ గురించి మీకో విషయం ముందే తెలిసినట్టు.

ఉద్యోగం మారేటప్పుడైతే రెండు తేదీల మధ్య ఖాళీని చూసుకోండి. శుక్రవారం మానేసి సోమవారం చేరడం ఉత్తమం. గోకర్ణ తర్వాతైనా వెళ్లొచ్చు. అలా కుదరకపోతే, గ్రూప్ నుంచి బయటికొచ్చేటప్పుడు అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారమని అడిగే వీలు ఉంది, గ్రూపులో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో కలుస్తుంది. వాళ్లు ఆరోగ్య వివరాలు చూసే ఇస్తారు, అందరికీ ఇస్తారని కాదు. అందుకే నోటీస్ పీరియడ్ మొదట్లోనే అడగాలి, ఆఖరి రోజు ల్యాప్‌టాప్ అప్పగించేటప్పుడు కాదు.

కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లకీ ఒక మాట. గ్రూప్ డిస్కషన్‌లో చేతులు ఎలా ఊపాలో రెండు రోజులు నేర్పిస్తున్నారు. ఆఫర్ లెటర్ ఎలా చదవాలో ఒక్క గంట నేర్పించండి. మీ పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఇన్సూరెన్స్ కాగితం చదవగలిగే మొదటి మనిషి వాళ్లే.

ఈ మధ్యే నేను మళ్లీ ఉద్యోగం మారాను. ఆఖరి రౌండ్ అయ్యాక హెచ్‌ఆర్ అమ్మాయి ‘ఇంకేమైనా ప్రశ్నలున్నాయా’ అంది. తల్లిదండ్రుల కవర్ ఏ తేదీ నుంచి అని అడిగాను. ‘ఇది ఎవరూ అడగలేదండీ ఇప్పటిదాకా, కనుక్కుని చెప్తా’ అంది. రెండు రోజులకి మెయిల్ వచ్చింది. ఉద్యోగికి మొదటి రోజు నుంచి, తల్లిదండ్రులకు నెలాఖరు లిస్టులో. మొదటి రోజే చేర్చే వీలుందా అని మళ్లీ రాశాను. నాలుగు రోజులు ఏ సమాధానమూ లేదు. ఆఫర్ పోయినట్టే అనుకున్నా, మా ఆవిడతో కూడా అనేశా. ఐదో రోజు జవాబు వచ్చింది, జాయినింగ్ తేదీ నుంచే కలుపుతున్నాం, వాళ్ల ఆధార్ కాపీలు పంపండి అని. ఆ మెయిల్ ప్రింట్ తీసి ఖమ్మంలో నాన్న మందుల డబ్బాలో పెట్టాం. సంతకం ఆ తర్వాతే పెట్టాను.